తరచు కాని ప్రశ్న

నక్కల అగ్రహారం అనే ఊరు లేదని జిల్లా కేంద్రంలో తేల్చేసిన పూట, ఆ ఊళ్లో మజ్జి అప్పలనరసమ్మ వంగతోటలో కలుపు తీస్తోంది. లేని ఊళ్లో, లేని తోటలో, లేని కలుపు తీస్తున్నానని ఆవిడకు తెలీదు. ఎవరైనా చెబితే కదా తెలిసేది. కలుపు మాత్రం ఎప్పట్లాగే నడుము విరిగేంత ఉంది.

ఆ చెప్పడమేదో కనకరాజు మేస్టారే వచ్చి చెప్పాడు. ఊరి బడికి ఆయనొక్కడే మేస్టారు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరి మీదా విసుక్కోకుండా నెట్టుకొస్తున్న మనిషి. ఆ మధ్యాహ్నం బడికి తాళం వేసి, తోట గట్టు మీదికి వచ్చి, తాళంచెవి నరసమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ బడి కమిటీకి అధ్యక్షురాలు మరి.

“ఈ ఊరు లేదటమ్మా. లేని ఊళ్లో ఎందుకు పనిచేస్తున్నావని నన్ను సంజాయిషీ అడిగారు. రేపట్నుంచి వేరే మండలానికి పొమ్మన్నారు,” అన్నాడు.

నరసమ్మ నడుం నిటారుగా చేసి చుట్టూ చూసింది. నీళ్ల ట్యాంకు ఉంది. రామకోవెల మీద మైకు ఉంది. పక్క మడిలో తోడికోడలు ఉంది, ఎప్పట్లాగే ఓ చెవి ఇటు పడేసే ఉంది. “ఏటి లేదు?” అంది నరసమ్మ. మేస్టారు కళ్లజోడు తుడుచుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

అసలు బాధ ఇంటికి వెళ్లాక మొదలైంది. నరసమ్మ మనవరాలు ఢిల్లీశ్వరి మూడో తరగతి. మేస్టారికి పైనుంచి ఫోను వచ్చే సమయానికి పిల్ల ఏడో ఎక్కం అప్పజెబుతోంది. ఏడేడులు నలభైతొమ్మిది దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాతది మేస్టారు చెబితేనే నేర్చుకుంటానని భీష్మించుకుంది. మేనమామ చెప్పబోతే రెండు చెవులూ మూసుకుంది. పిల్ల తల్లీతండ్రీ పట్నంలో మేడలు కట్టే పనికి పోతారు. బడి మూశారని తెలియగానే కూతురు ఫోనులో తేల్చి చెప్పేసింది, బడి లేనప్పుడు గుంట పిల్ల అక్కడెందుకు, వచ్చి మాతో తీసుకుపోతామని. తీసుకుపోవడమంటే ఇసుక గుట్టల మధ్యకు. మొదట్లో ఆడుకుంటుంది, తర్వాత ఇటుకలందిస్తుంది, ఇక బడి ముఖం చూడదు. నరసమ్మకు ఆ వయసులో జరిగింది అదే. అందుకని ఏం చేసైనా సరే, కూతురు వచ్చేలోగా బడికి మేస్టార్ని తేవాలని ఆవిడ గట్టిగా అనుకుంది.

ఇంతకీ ఈ గొడవంతా ఊరికే వచ్చింది. ఊరికే అంటే పైసా ఖర్చు లేకుండా అని. జిల్లా కార్యాలయానికి ఒక లైబ్రరీ ఊరికే వచ్చింది. లైబ్రరీ అంటే బీరువాలూ, పొడుగు బల్లలూ, దగ్గుతూ పేపరు చదివే పెద్దమనుషులూ ఉండే గది కాదు. కంప్యూటర్లో పెద్ద పెద్ద పట్టికలను సరిచేసి, లెక్కలు కట్టి, చిక్కులు విడదీసిపెట్టే సాధనం. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోండి బాబూ అని లోకం మీదికి వదిలారు. వాళ్ల తప్పేం లేదు. వాళ్లకు మన జిల్లా సంగతి తెలీదు.

దాన్ని రెండు చేతులా అందుకున్నవారు శ్రీ నడిపల్లి అచ్యుతరామారావు గారు, సంయుక్త దత్తాంశ సమన్వయాధికారి. దత్తాంశం అంటే డేటా. హోదా అంత పొడుగైనా ఆయనకు పొడుగంటే గిట్టదు. ఫైలు మీద పూర్తి సంతకం ఏనాడూ పెట్టలేదు. ఎన్.ఏ. అని రెండు ఇంగ్లీషు అక్షరాలు పడేసేవారు. తనంతటివాడికి సరిపోయిన రెండక్షరాలు ఊళ్లకు ఎందుకు సరిపోవని ఒకనాడు ఆయనకు తోచింది. తోచిందే తడవు జిల్లాలోని ఊళ్ల పేర్లన్నీ రెండేసి అక్షరాలకు కుదించేశారు. పెద్ద వలస పి.వి. అయింది. కొత్త కంచరాం కె.కె. అయింది. నక్కల అగ్రహారం ఎన్.ఏ. అయింది. రెండు ఊళ్లకు ఒకే అక్షరాలు వచ్చినచో సదరు గ్రామములు పరస్పరం సర్దుకుపోవలెనని ఒక సర్క్యులర్ కూడా వెళ్లింది.

లైబ్రరీతో పాటు, దాన్ని వాడేవాళ్లు లోకమంతటా తరచుగా అడిగే ప్రశ్నల పట్టీ ఒకటి జవాబులతో సహా వచ్చింది. నా పట్టికలో ఖాళీలు ఎందుకొస్తున్నాయి, రెండు పట్టికలను ఒకటిగా కలపడమెలా, ఒకే వరుస రెండుసార్లు ఎందుకు కనబడుతోంది, ఇలాంటివి. అచ్యుతరామారావు గారు ప్రశ్నలు చదివారు, జవాబులు వదిలేశారు, ఆ పద్ధతికి మాత్రం ముగ్ధులైపోయారు. అడిగే మనిషి ఎదురుగా లేడు, ప్రశ్న ఉంది. చెప్పే మనిషి లేడు, జవాబు ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు ఇన్నేళ్లుగా కలగంటున్నది సరిగ్గా ఇదే కదా. మర్నాడే ఫిర్యాదుల విభాగం బోర్డు పీకించి, ‘తరచుగా అడిగే ప్రశ్నల విభాగం’ అని కొత్త బోర్డు కొట్టించారు. దాని కింద ఇంకో ముక్క రాయించారు. ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునదేమనగా, ఇకపై తరచుగా అడిగే ప్రశ్నలకు మాత్రమే సమాధానం ఈయబడును. అరుదుగా అడిగే ప్రశ్నలు స్వీకరించబడవు.

ఇక ఊళ్ల పట్టిక సంగతి. ఆ కార్యాలయంలో లైబ్రరీని నడపడం వచ్చింది హైమ ఒక్కతికే. కాంట్రాక్టు మీద పనిచేస్తుంది, చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే అన్ని పనులూ చక్కబెడుతుంది. ఆమె పట్టికను ఎక్కించి చూసి, ఒకచోట ఖాళీ కనబడుతోంది సార్, డ్రాప్‌నా, ఫిల్‌నా అని అడిగింది. అవి ఆ లైబ్రరీలో రెండు ఆజ్ఞల పేర్లు. మొదటిది ఖాళీ ఉన్న వరుసను తీసి పారేస్తుంది. రెండోది ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపుతుంది. అచ్యుతరామారావు గారు వంగి తెర మీదికి చూశారు. నిజంగానే రాసి ఉంది. డ్రాప్‌నా. ఫిల్‌నా.

ఆయనకు ఒళ్లు పులకరించింది.

“చూశావా అమ్మాయ్, ఎంత అణకువో. వదిలెయ్యనా, నింపనా అని మన తెలుగులో అనుమతి అడుగుతోంది. మన గుమాస్తాలు ఏనాడైనా ఇలా అడిగి చచ్చారా?”

హైమ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, అది తెలుగు కాదు సార్ అని చెప్పింది. ఒక్కసారే చెప్పింది. తరచుగా చెప్పలేదు గనక ఆయన స్వీకరించలేదు.

అంత వినయంగా అడిగినదానికి జవాబు చెప్పడం అధికారి ధర్మం. కానీ నింపమనడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. ఖాళీని నింపడమంటే ఖాళీ భర్తీ చేయడం. పైవారి అనుమతి లేకుండా సర్కారులో ఒక్క ఖాళీ భర్తీ చేసినా కొంప మునుగుతుంది. అందుకని ఫైలు మీద, ‘ఖాళీల భర్తీ ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు, కావున డ్రాప్’ అని రాసి, కింద ఎన్.ఏ. అని కొట్టారు. హైమ మీట నొక్కింది. పట్టికలోంచి ఒక వరుస పోయింది. ఆ వరుస నక్కల అగ్రహారం. నిక్షేపంలాంటి ఊరు ఖాళీగా ఎందుకు కనబడిందో కాసేపట్లో హైమే చెబుతుంది.

మేస్టారు పోయిన మూడో నాడు నరసమ్మ మంచి చీర కట్టుకుని, సంచీడు లేత వంకాయలు పట్టుకుని జిల్లా కార్యాలయానికి వచ్చింది. వంకాయలు లంచం కాదు. పెద్దవాళ్ల దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదని ఆవిడ అత్తగారు నేర్పింది. బోర్డు కింద కిటికీలో గుమాస్తా సోమేశ్వరం కూర్చుని ఉన్నాడు. అప్పటిదాకా తరచైన ప్రశ్నలు గోడ మీద జవాబులతో సహా రాసి ఉన్నాయి. సార్ ఉన్నారా? లేరు. భోంచేసి ఎప్పుడొస్తారు? చెప్పలేము. జిరాక్సు ఎక్కడ తీస్తారు? ఎదురుగా. మూత్రశాలకు తాళం ఎందుకు వేశారు? ఈ ప్రశ్న పరిశీలనలో ఉన్నది.

నరసమ్మ తన గోడు చెప్పుకుని, మా మేస్టార్ని ఎప్పుడు పంపుతారు బాబూ అని అడిగింది. సోమేశ్వరం గోడకేసి చూశాడు. ఆ ప్రశ్న అక్కడ లేదు. చాలా మంచి ప్రశ్నేనమ్మా, కానీ అరుదైనది అన్నాడు జాలిగా. ఎన్నిసార్లడిగితే తరచవుద్ది అని నరసమ్మ నిలదీసింది. సోమేశ్వరం కంగారుపడి లోపలికి పరుగెత్తి అధికారినే తీసుకొచ్చాడు.

తరచు అనగా ఎంత అన్నది తేల్చడానికి అప్పటికే ఒక సంఘం కూర్చుంది, టిఫిన్లు చేసింది, లేచింది. వంద అని ఒకరన్నారు. సున్నాలతో ముగిసే అంకె శుభం కాదని ఇంకొకరన్నారు. ఆఖరికి పెళ్లిచదివింపుల లెక్క ఖాయం చేశారు, నూటపదహారు.

“ఒకరడిగితే అది సందేహం తల్లీ. పదిమంది అడిగితే గలాటా. నూటపదహారుమంది అడిగిననాడే అది ప్రశ్న అనిపించుకుంటుంది. ఈ వ్యవస్థలో వ్యక్తులకు తావు లేదు,” అన్నారు అచ్యుతరామారావు గారు.

వంకాయలు మాత్రం ఒక్కసారికే స్వీకరించారు.

నరసమ్మ ఊరికి పోయి ఇల్లిల్లూ తిరిగింది. ఆ వారమే రెండు ట్రాక్టర్ల నిండా జనం దిగారు. కానీ తలా ఒక రకంగా అడిగారు. మా మేస్టారేరి అని ఒకరు. మేస్టార్ని ఏటి సేసినారు అని ఒకరు. బడి తలుపెప్పుడు తీత్తారు అని ఒకరు. ఒక తాతయితే ఎలాగూ వచ్చాం కదా అని రేషను కార్డు సంగతి అడిగేశాడు. సోమేశ్వరం అన్నీ శ్రద్ధగా రాసుకుని, ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా రెండోసారి అడగబడలేదని, అన్నీ అరుదైనవేనని ప్రకటించాడు. ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలట. కావాలంటే నేను రాసిస్తానని ఒక కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. మనిషి మంచివాడే. కిటికీ చెడ్డది.

‘నక్కల అగ్రహారం ప్రాథమిక పాఠశాలకు ఉపాధ్యాయుని ఎప్పుడు నియమించెదరు?’ ఇదీ ఆ వాక్యం. ఊళ్లో ‘నియమించెదరు’ దగ్గర అందరి నాలుకలూ మడతపడ్డాయి. అప్పుడు గంగులు రంగంలోకి దిగాడు. గంగులు తప్పెటగుళ్ల గురువు, ఛాతీ మీద రేకు తప్పెట కట్టుకుని జట్టుచేత అడుగులేయించేవాడు. ఎంత మొద్దు నోటికైనా తాళం పడితే మాట దానంతటదే పడుద్దని చెప్పి, ఆ వాక్యాన్ని తప్పెట మీదికి ఎక్కించాడు. పొలం పనుల మధ్య, బోరింగు దగ్గర, పెళ్లి భోజనాల్లో కూడా జనం నియమించెదరు, నియమించెదరు అనుకుంటూ తిరిగారు. ఒకామె నిద్రలో అదే పలవరిస్తే మొగుడు భయపడి వేపమండలు తెచ్చాడు.

రెండోసారి వెళ్లినప్పుడు చూడాలి ఆ వైభవం. వరుసగా నిలబడి, గంగులు తప్పెట కొడుతుంటే, ఒక్కొక్కరే కిటికీ దగ్గరికొచ్చి, వాక్యం అప్పజెప్పి, పక్కకు జరిగారు. లోపలి గుమాస్తాలు బయటికొచ్చి కాళ్లతో తాళం వేశారు. ఆఖర్న ఒక్క మనిషి తక్కువయ్యాడు. నరసమ్మ ఢిల్లీశ్వరిని ఎత్తి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. పిల్ల వాక్యమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి, ఎదురుగా చదువుకున్నవాడిలా కనబడ్డ సోమేశ్వరాన్ని చూసి, “ఏడెనిమిదులు” అని మొదలెట్టింది. నరసమ్మ చటుక్కున దాని నోరు మూసింది. ఇంకొక్క ముక్క పడితే అది వేరే ప్రశ్న అయిపోయేది.

సోమేశ్వరం లేచి నిలబడి, నూటపదహారు అయ్యాయని చెప్పి, తనే చప్పట్లు కొట్టాడు. అచ్యుతరామారావు గారు జవాబు కోసం పట్టిక తెరిచారు. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశారు. ముఖం గంభీరమైంది.

“సదరు గ్రామం పట్టికయందు లభ్యం కాలేదు. లేని గ్రామపు నివాసులు లేనివారు. లేనివారు అడిగిన ప్రశ్నలు అడగనివిగా పరిగణించబడును,” అన్నారు. సోమేశ్వరం కళ్లు దించుకుని, నూటపదహారు కొట్టేసి సున్న చుట్టాడు.

“ఇంతమందిమి నీ ఎదురుగా నిలబడున్నాం బాబూ. కళ్లెట్టి సూడు,” అంది నరసమ్మ.

“కంటికి కనబడినంత మాత్రాన అది రికార్డు కాదమ్మా,” అన్నారాయన, ఎంతో ఓపిగ్గా.

జనం ట్రాక్టర్లెక్కారు. నరసమ్మ మాత్రం ఎదురుగా టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూలబడింది. హైమ టీ తాగడానికి వచ్చి, ఆవిడ వాలకం చూసి, రెండు చెవుల్లోంచీ ఇయర్‌ఫోన్లు తీసింది. అలా తీయడం అదే మొదటిసారని బడ్డీవాడు తర్వాత చెప్పుకున్నాడు. టీలో వేలు ముంచి బల్ల మీద రాసి చూపిస్తూ, మీ ఊరికి పెట్టిన రెండక్షరాలున్నాయి చూడు అత్తా, ఎన్.ఏ., ఆ లైబ్రరీ లెక్కలో దానర్థం ఇక్కడేమీ లేదు అని, అందుకే మీ ఊరి పేరు చూసి ఖాళీ గడి అనుకుంది అని, సారు తెలుగనుకున్న డ్రాప్‌నాలోని ‘నా’ కూడా ఈ రెండక్షరాలేనని చెప్పింది. ఇందులో రహస్యమేమీ లేదంది. ఆ తరచుగా అడిగే ప్రశ్నల్లో మొదటి ప్రశ్నే ఇది, జవాబు కిందే ఉంది, ఒక్క ముక్క మారిస్తే ఊరు తిరిగొస్తుంది, కానీ సారు సంతకం పెట్టాలి, సారు జవాబులు చదవరు అంది.

నరసమ్మ టీ చల్లారిపోయేదాకా ఆలోచించింది. నూటపదహారు కొట్టేసిన కాగితం కింద ఆయన గీసిన రెండక్షరాలు ఆవిడకు కళ్లముందే ఉన్నాయి. చదువు రాకపోయినా గీతల పోలిక తెలీదా. ఆయన పేరూ అదే కదేటి అని అడిగింది. హైమ టీ గ్లాసు కింద పెట్టి, అవునంది. ఆయనకీ ఓపాలి తగిల్తే మన బాధ తెలిసి సంతకం ఎడతాడు అని నరసమ్మ లెక్క వేసింది.

మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి ప్రశ్న అడగలేదు. చేతులు కట్టుకుని, పల్లెటూరిదాన్ని, తప్పయితే కాయాలి బాబూ అంటూ మొదలెట్టి, అంత గొప్ప మిసనీ పెట్టారు, అంత సక్కటి రెండచ్చరాల పద్ధతి పెట్టారు, అవన్నీ మా ఊళ్లకేనా, మీ ఆఫీసోళ్లకి అక్కర్లేదేటి అంది. పొగడ్త ఎన్నిసార్లు చేస్తే తరచవుతుందని ఏ సంఘమూ తేల్చలేదు, ఒక్కసారికే చెల్లిపోయింది. అచ్యుతరామారావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక అనామక గ్రామీణ మహిళకు కూడా సంస్కరణ స్ఫూర్తి అందిందని ఆ సాయంత్రమే పైకి రాశారు. సిబ్బంది పట్టికలో పేర్లన్నీ రెండక్షరాలకు కుదించి లైబ్రరీలోకి ఎక్కించమని హైమను ఆదేశించారు.

హైమ ఎక్కించింది. ఒకచోట ఖాళీ కనబడుతోంది సార్, డ్రాప్‌నా, ఫిల్‌నా అని అడిగింది. ఆ ఖాళీ ఎవరిదో ఒకసారి చూడండి సార్ అని కూడా అంది. అదీ ఒక్కసారే.

“మళ్లీ అడుగుతోందా పాపం. ఖాళీల భర్తీ మన పరిధి కాదని చెప్పాం కదా. డ్రాప్,” అన్నారు ఆయన, పిల్లిని నిమిరినట్టు కంప్యూటర్‌ను నిమిరి.

పొద్దున్న ఆయన వచ్చేసరికి హాజరు వేసే మిషను వేలు పుచ్చుకోలేదు. గది తలుపు మీద పేరు పలక లేదు. నిన్నటిదాకా లేచి నిలబడ్డ అటెండరు ఇవాళ కూర్చునే, ఎవరు కావాలి అని అడిగాడు. అధికారి లేని గదికి కుర్చీ ఎందుకని దాన్ని పక్క విభాగం వాళ్లు మోసుకుపోయారు. అచ్యుతరామారావు గారు గబగబా కిటికీ దగ్గరికి వెళ్లారు. వరుసలో నిలబడమన్నారు. నిలబడ్డారు. వంతు వచ్చాక, నా పేరెందుకు లేదయ్యా అని అడిగారు.

“చాలా మంచి ప్రశ్నే సార్,” అన్నాడు సోమేశ్వరం, గోడకేసి చూస్తూ. “కానీ అరుదైనది.”

నరసమ్మ కిటికీ పక్కనే బల్ల మీద ఉంది. మొదట ఆవిడకు నవ్వొచ్చింది. పమిట అడ్డం పెట్టుకుని కడుపారా నవ్వుకుంది. తర్వాత ఆయన వచ్చి అదే బల్ల మీద పక్కనే కూర్చుంటే, అయ్యో అనిపించింది. ఎన్.ఏ. అంటే ఏమిటో, ఆ రెండక్షరాలు మార్చడానికి ఎవరి సంతకం కావాలో, హైమ చెప్పిందంతా ఆయన చెవిన వేసింది. ఈసారి ఆయన విన్నారు. అక్కడికక్కడే జేబులోంచి కాగితం తీసి, నక్కల అగ్రహారాన్నీ తననూ పునరుద్ధరించవలెనని ఆదేశం రాసి, అలవాటు ప్రకారం కింద ఎన్.ఏ. అని కొట్టి ఇచ్చారు. సోమేశ్వరం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతకం ఉండాల్సిన చోట సంతకం లభ్యం కాదని రాసి ఉంది సార్ అన్నాడు. పూర్తి పేరు రాసిస్తానన్నారు. ఆ పేరుగల అధికారి పట్టికలో లేరని వచ్చింది.

నరసమ్మ ఆయనకు బుద్ధి చెప్పబోయి తన కాలే విరగ్గొట్టుకుంది. సంతకం పెట్టగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేకుండా పోయాడు. అవతల కూతురు ఆదివారం వస్తానని కబురు చేసింది. ఇంటికి పోయేటప్పటికి ఢిల్లీశ్వరి తలుపు దగ్గరే నిలబడి, మేస్టారొస్తున్నారా అని అడిగింది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో నూటపదహారు ఎప్పుడో దాటిపోయింది. నరసమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

ఇలాంటి చిక్కులు పడినప్పుడు సర్కారు ఊరుకోదు. ఏదో ఒకటి చేస్తుంది. లేని అధికారిని ఏ ఆఫీసులో పెట్టినా అక్కడ ఉన్నట్టవుతుంది, అది నిబంధనలకు విరుద్ధం. ఊరికే ఇంటికి పంపుదామంటే, లేనివాణ్ణి తొలగించడం ఇంకా విరుద్ధం. రాజధానిలో పెద్దలు తలలు పట్టుకుని, ఆఖరికి రెండు ఫైళ్లనూ ఒకే తాడుతో కట్టి, ఇలా రాశారు. ‘లభ్యముకాని అధికారిని లభ్యముకాని గ్రామమునకు ప్రత్యేకాధికారిగా సర్దుబాటు చేయడమైనది. సదరు గ్రామమందలి సమస్త విధులూ వారే నిర్వర్తించవలెను. దీనివలన ఖజానాపై ఎట్టి భారమూ పడదు.’ జిల్లాలో అందరూ ఈ పరిష్కారాన్ని మెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున్నే కూతురు వచ్చేసింది. నరసమ్మ మొహం చూసి ఏమీ అడగలేదు. పిల్ల గౌనులు నాలుగూ మడతపెట్టి సంచిలో సర్దింది. పలక కూడా పెట్టబోతే నరసమ్మ వద్దని లాక్కుంది, అక్కడ దాంతో పనేటుంది అని. తల్లీ కూతుళ్లు ఆ పలక పట్టుకుని ఇద్దరూ ఏడ్చారు. ఢిల్లీశ్వరి మాత్రం ఏడవలేదు. వీధి మొదట్లోకి చూస్తూ నిలబడింది.

వీధి మొదట్లో ఒక పెద్దమనిషి సూట్‌కేసు మోసుకుంటూ వస్తున్నాడు. లేని ఊళ్లో బస్సు ఆపనన్నారట, అడ్డరోడ్డు నుంచి నడిచే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా దుమ్ము. అరుగుల మీద జనం గుర్తుపట్టి గుసగుసలాడారు. ఆయన నేరుగా నరసమ్మ గడప ముందుకొచ్చి ఆగి, ఆదేశం ఉన్న కాగితం చూపించి, ఇక్కడ నా కార్యాలయం ఎక్కడమ్మా అని అడిగాడు.

నరసమ్మ కళ్లు తుడుచుకుని ఆయన్ని తేరిపార చూసింది. ఊళ్లో సర్కారువారిది ఒకే ఒక గది, ఆ గదిలో ఒకే ఒక కుర్చీ. సమస్త విధులూ అంటే ఏటేటో కాగితంలో రాసినారా బాబూ అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అయితే నాను సెప్తాను రా అని, కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ముందు నడిచింది. చదువు ఏటి సదివేవు అని దారిలో ఆరా తీసింది. లెక్కల్లో డిగ్రీ అని ఆయన చిన్నగా చెప్పాడు. ఆ డిగ్రీతో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు.

తాళం తీశారు. ఆయన కుర్చీ మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచి కూర్చున్నాడు. అప్పటికే గుమ్మం నిండా పిల్లలు, పిల్లల వెనక ఊరు. వాళ్లందరినీ తోసుకుంటూ ఢిల్లీశ్వరి వచ్చి, బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. దాని వెనకే తల్లి, సంచి చంకలోనే ఉంది. అడ్డరోడ్డు మీద మధ్యాహ్నం బస్సుకు పోవాలి మరి.

“ఏడెనిమిదులెంత మేస్టారూ?” అంది పిల్ల.

“ఈ ప్రశ్న...” అని మొదలెట్టాడాయన, అలవాటు కొద్దీ. పక్కకు చూశాడు. గోడ మీద ఏమీ రాసి లేదు. గుమ్మంలో నరసమ్మ నిలబడి ఉంది. పిల్ల వెనక సంచి పట్టుకున్న మనిషిని చూశాడు, సంచిలోంచి బయటికి వేలాడుతున్న చిన్న గౌను అంచు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“యాభై ఆరు.”

ఢిల్లీశ్వరి ఊపిరి వదిలింది. “ఏడు తొమ్మిదులో?” అంది వెంటనే. దానికీ ఆయన ఒక్కసారికే చెప్పాడు.

తల్లి చంకలోని సంచి తీసి గోడవార పెట్టింది.